మా డాబా మీద మెల్‌బోర్న్ దిక్కు

తోడల్లుడి మీద పంతంతో కొన్న వస్తువు మీ ఇంట్లో ఒక్కటైనా ఉండే ఉంటుంది. లేదంటే నేను నమ్మను. తోడల్లుడు కాకపోతే పక్కింటాయన, ఆయనా కాకపోతే ఆఫీసులో పక్క సీటాయన. మన సొంత బుద్ధితో కొనేవి ఉప్పూ పప్పూ మాత్రమే. మిగతావన్నీ ఎవరో ఒకరి ముందు తగ్గకూడదని కొన్నవే. మా ఇంట్లో అలాంటివాటిలో అన్నిటికంటే పెద్దది మొన్నమొన్నటిదాకా డాబా మీద ఉండేది. మూడు వందల లీటర్ల సోలార్ వాటర్ హీటర్. దాని కథ మా వీధిలో అందరికీ సగం సగం తెలుసు, పూర్తిగా ఎవరికీ తెలియదు. మీరు మనవాళ్ళు, నవ్వినా తిట్టరన్న ధైర్యంతో మీకు చెబుతున్నాను.

మేముండేది హైదరాబాద్ శివార్లలో, బోడుప్పల్ దాటాక మేడిపల్లి వైపు. ఉత్తరం రోడ్డున్న చిన్న ఇల్లు. కింద అమ్మ, పైన నేనూ మా ఆవిడా ఇంటర్ చదివే మా అబ్బాయీ. తాగడానికి నల్లా నీళ్ళు, మిగతా అన్నిటికీ బోరు నీళ్ళు. కిందొకటి పైనొకటి, పదిహేను లీటర్ల గీజర్లు రెండుండేవి. పొద్దున్నే కాసేపు స్విచ్చి వేస్తే నీళ్ళు కాగేవి, స్నానాలయ్యేవి, ఆపేసేవాళ్ళం. ఏ లోటూ లేదు. ఈ మాట ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పట్లో నా నోట అది పలికించడం బ్రహ్మకైనా సాధ్యమయ్యేది కాదు.

సంక్రాంతికి అత్తగారింట్లో అందరం కలిశాం. మా మరదలూ వాళ్ళాయనా మెల్‌బోర్న్ నుంచి వచ్చారు. వాళ్ళుండేది ఆ నగరానికి పడమటి శివారు, టార్నీట్. మన తెలుగువాళ్ళు బాగా స్థిరపడ్డ చోటు. పండగ నాడే అత్తగారింట్లో గీజర్ చెడిపోయి, పొయ్యి మీద కాచిన నీళ్ళు బకెట్లతో మోసుకుంటున్నాం. భోజనాలయ్యాక అరుగు మీద చేరేసరికి సహజంగానే మాట వేడినీళ్ళ మీదికి మళ్ళింది. అప్పుడు మొదలుపెట్టాడు మా తోడల్లుడు.

"మేం గ్యాస్ హీటర్ పీకేసి హీట్ పంప్ పెట్టించాం అన్నయ్యా. ఒక యూనిట్ కరెంటు ఖర్చుపెడితే మూడు యూనిట్ల వేడి వస్తుంది."

ఒకటిస్తే మూడెలా వస్తాయయ్యా అని మామగారు అడిగారు. అతను ఓపిగ్గా చెప్పాడు. ఫ్రిజ్ తన లోపలున్న వేడిని లాగి వెనక వైపు పారబోస్తుంది కదా, హీట్ పంప్ బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళలో పోస్తుంది. మామూలు గీజర్‌లో కరెంటే వేడిగా మారాలి. ఇందులో కరెంటుకు ఆ పని లేదు, ఉన్న వేడిని ఒక చోటు నుంచి ఇంకో చోటికి మోస్తే చాలు. అందుకే ఖర్చు మూడో వంతు. వాళ్ళ విక్టోరియా రాష్ట్రంలో 2024 జనవరి 1 నుంచి ప్లానింగ్ పర్మిట్ కావాల్సిన కొత్త ఇళ్ళకు గ్యాస్ కనెక్షనే ఇవ్వడం లేదట. పాత ఇళ్ళవాళ్ళు మారితే ప్రభుత్వం ధరలో కొంత తగ్గింపు ఇప్పిస్తోందట.

చాలా మంచి విషయం, చాలా చక్కగా చెప్పాడు. మెచ్చుకోవాల్సింది పోయి నేను అరుగు మీద అటూ ఇటూ కదులుతున్నాను. ఇంతలో అత్తగారు, "మా చిన్నల్లుడికి తెలియని విషయం ఉండదు" అన్నారు. పెద్దల్లుడికి ఏమీ తెలియదని ఆవిడ అనలేదు. కానీ నా చెవులకు వినిపించింది మాత్రం అదే. పెద్దల్లుళ్ళందరి చెవుల తయారీ అలాగే ఉంటుందనుకుంటాను.

అతను ఫోన్ తీసి వాళ్ళింటి ఫోటో కూడా చూపించాడు. ఎర్ర పెంకుల కప్పు మీద నల్లటి సోలార్ పలకలు వరసగా ఉన్నాయి. "ఉత్తరం వైపుకి తిప్పి పెట్టించాం అన్నయ్యా, పొద్దుగూకేదాకా ఎండే" అన్నాడు. ఆ 'ఉత్తరం' అన్న మాట నా బుర్రలో మేకు దిగినంత గట్టిగా దిగింది. మా ఇంటి రోడ్డు కూడా ఉత్తరమే మరి.

ఇంటికి రాగానే చదువు మొదలుపెట్టాను. హీట్ పంప్ కొంటే అతన్ని అనుకరించినట్టవుతుంది. అతని యంత్రానికి కావాల్సిన ఆ ఒక్క యూనిట్ కూడా అక్కర్లేనిది నాకు కావాలి. అంటే సూర్యుడే. ఈ ఆలోచనలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. మన ఎండకు సోలార్ హీటర్‌ని మించింది లేదు, కారణం సరైనదే. ఉద్దేశమే వేరు.

ఆ రెండు నెలలూ నేను చదవనిది లేదు. అమెరికాలో బాల్టిమోర్‌కు చెందిన క్లారెన్స్ కెంప్ 1891లోనే సోలార్ వాటర్ హీటర్‌కి పేటెంట్ తీసుకున్నాడని తెలుసుకున్నాను. ఇజ్రాయెల్‌లో 1980 నుంచి కొత్త ఇళ్ళకు సోలార్ హీటర్ తప్పనిసరి అని చట్టం ఉందని తెలుసుకున్నాను. బెంగళూరు డాబాల మీద ఎటు చూసినా ఇవే కనిపించడానికి కర్ణాటక పెట్టిన నియమాలు కారణమనీ తెలుసుకున్నాను. గాజు గొట్టాల సంగతైతే నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. గొట్టంలో గొట్టం, రెండింటి మధ్య గాలి లేకుండా తీసేసిన ఖాళీ, లోపలి గొట్టానికి ఎండను పీల్చుకునే నల్లటి పూత. గాలి లేదు కాబట్టి లోపలి వేడి బయటికి రాలేదు. వేడెక్కిన నీళ్ళు తేలికై పైనున్న ట్యాంకులోకి ఎక్కుతాయి, చల్లటివి కిందికి దిగుతాయి. మోటారు అక్కర్లేదు. ఇదంతా ఇంట్లో, ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, ఆఖరికి ఒక పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా చెప్పాను. అన్నీ చదివాను, దిక్కు గురించి తప్ప. దిక్కు ఎందుకు చదవాలి? అది మా తోడల్లుడు చెప్పేశాడు కదా.

దుకాణంలో అతను ఎంతమంది ఉంటారని అడిగాడు. నలుగురం అన్నాను. "నూట యాభై లీటర్లు పుష్కలం సార్, వందైనా సరిపోతుంది" అన్నాడు. అమ్మేవాడే చిన్నది చాలంటున్నాడంటే ఆగి ఆలోచించాలి. నేను ఆగలేదు. అన్నిటికంటే పెద్దదేది అని అడిగాను. ఇళ్ళలో ఎక్కువగా పెట్టేవాటిలో మూడు వందల లీటర్లదే పెద్దది అన్నాడు. అదే ఇమ్మన్నాను. మా తోడల్లుడి ట్యాంకు కూడా దాదాపు అంతే ఉంటుందని ఫోటోలో కొలిచి పెట్టుకున్నాను లెండి.

బిగించడానికి వచ్చిన మేస్త్రీ నడివయసు మనిషి. డాబా ఎక్కి ఒకసారి సూర్యుణ్ణి చూశాడు, ఒకసారి సింటెక్స్ ట్యాంకును చూశాడు, వెనక వైపు దక్షిణపు మూలలో జాగా చూపించాడు. బాత్రూములు రెండూ ఆ వైపే, పైపు పొడవు తగ్గుతుంది, ఎండ సరిగ్గా పడుతుంది అన్నాడు. అక్కడ పెడితే రోడ్డు మీదికి కనిపించదు! నేను ముందు వైపు పిట్టగోడ దగ్గరికి నడిచి, ఇక్కడ, రోడ్డు వైపు మొహం పెట్టి బిగించమన్నాను.

"గిటు దిక్కు వద్దు సార్. మొఖం దక్షిణానికే ఉండాలె. ఉత్తరానికి పెడితే చలికాలం నీళ్ళు కాగయి."

"మెల్‌బోర్న్‌లో ఉత్తరానికే పెడతారు, తెలుసా?"

"అదేడుంది సార్?"

"ఆస్ట్రేలియా."

"నాకు ఆస్ట్రేలియా ఎర్క లేదు సార్. మేడిపల్లి ఎర్క."

ఇంతకంటే తెలివైన మాట ఆ ఏడాది మొత్తంలో నా చెవిన పడలేదు. పడిందే గానీ లోపలికి పోలేదు. డబ్బులిచ్చేది నేను, నేను చెప్పిన చోటే పెట్టమన్నాను. అతను ఇంకోసారి చెప్పి చూశాడు. ఆ తర్వాత సరే మీ ఇష్టం అని పానా తీశాడు.

ఇక అక్కణ్ణించి ఒకదాని వెనక ఒకటి. పిట్టగోడ అడ్డమొచ్చి రోడ్డు మీదికి సగమే కనిపిస్తోందని స్టాండు ఎత్తు పెంచమన్నాను. స్టాండు ఎత్తు పెరిగితే సోలార్ ట్యాంకు సింటెక్స్ కంటే పైకి పోయింది. చల్లటి నీళ్ళు తమంతట తాము సోలార్ ట్యాంకులోకి రావాలంటే సింటెక్స్ దానికంటే పైనుండాలి. కాబట్టి సింటెక్స్‌కి కొత్త దిమ్మెలు, తాపీ పని, సిమెంటు. హీటర్ ముందు, బాత్రూములు వెనక, కాబట్టి డాబా ఈ చివరి నుంచి ఆ చివరికి, అక్కణ్ణించి రెండంతస్తులు కిందికి పైపు. నీళ్ళు ధారగా రావాలని అంగుళం పైపే వేయించాను. అన్నీ కలిపి దగ్గర దగ్గర లక్ష. మా ఆవిడ మధ్యలో ఒక్కసారే అడిగింది, "ఏవండీ, ఇది నీళ్ళకా, వీధికా?" అని. నేను వినిపించుకోలేదు.

మార్చి నెలాఖరుకి బిగింపు అయిపోయింది. ఏప్రిల్ దాటి మే వచ్చింది. నీళ్ళు మరిగాయి! థర్మామీటర్ పెడితే ఎనభై డిగ్రీలు దాటింది. ఆవిరి కనిపించేలా ఫోటో తీసి మా తోడల్లుడికి పంపాను, అత్తగారికి పంపాను, అడగని వాళ్ళకి కూడా పంపాను. హైదరాబాద్ మే నెలలో, నలభై డిగ్రీల ఎండలో, వేడినీళ్ళతో స్నానం చేసే మనిషి భూమ్మీద పుట్టలేదని ఆ ఆనందంలో నాకు తట్టలేదు. సింటెక్స్ నీళ్ళే వొళ్ళు కాల్చే రోజులవి. మా అబ్బాయి మధ్యాహ్నం స్నానానికి బకెట్‌లో ఐసు ముక్కలు వేసుకుంటుంటే, పైన నా మూడు వందల లీటర్లూ కుతకుతలాడుతున్నాయి.

వినాయక చవితికి నీళ్ళ పొగరు కొంచెం తగ్గింది. దసరాకి ఇంకొంచెం తగ్గింది. దీపావళి మర్నాటి నుంచి కార్తీకం. అమ్మ తెల్లవారుజామున స్నానం చేసి దీపం పెట్టుకుంటుంది. అప్పటికి నీళ్ళు గోరువెచ్చన. అదీ ముందు అరబకెట్‌కి పైగా చల్లటి నీళ్ళు వదిలేశాక! అంగుళం పైపులో మీటరుకి సుమారు అరలీటరు నీళ్ళు నిలుస్తాయి. డాబా ముందు నుంచి కింద వెనక బాత్రూము దాకా పైపులో రాత్రంతా చల్లారిన నీళ్ళన్నీ పోతే గానీ అసలు నీళ్ళు రావు. పైన మాకు పైపు కాస్త పొట్టిది. ఇంట్లో అందరికంటే వేడినీళ్ళు అవసరమైన మనిషికి అందరికంటే చల్లటివి వస్తున్నాయి.

నేనేం చేశానంటారా? అందరి మీదా తప్పు తోశాను. మబ్బు పట్టిందన్నాను. కంపెనీవాడు నాసిరకం గొట్టాలు పంపాడన్నాను. బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువన్నాను. పక్క వీధిలో వేపచెట్టు నీడన్నాను, ఆ నీడ మా గేటు దాకా కూడా రాదు. మేస్త్రీ సరిగ్గా బిగించలేదని కూడా అన్నాను. ఈ ఒక్క మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ రోజుల్లోనే ఎదురింటాయన స్వీటు డబ్బాతో వచ్చాడు. మా హీటర్ చూసి ముచ్చటపడి వాళ్ళూ పెట్టించుకున్నారు. "మీరు రోడ్డు వైపు మొహం పెట్టించారు కదా సార్, మేమూ రోడ్డు వైపే పెట్టించాం. నీళ్ళు చెయ్యి పెట్టలేనంత కాగుతున్నాయి, మీ సలహా వల్లే" అన్నాడు. మా రోడ్డు మాకు ఉత్తరం. ఎదురింటివాళ్ళకి అదే రోడ్డు దక్షిణం. ఈ ముక్క అర్థం కావడానికి పదో తరగతి కూడా అక్కర్లేదు. నేను మాత్రం అతని స్వీటు తింటూ, వీళ్ళకి మంచి గొట్టాలు దొరికాయి, నన్ను మోసం చేశారు అని లోపల మండిపోయాను.

ఇక మిగిలింది ఆ ట్యాంకులోనే ఉండే కరెంటు హీటర్. మబ్బు రోజుల కోసమని ఇస్తారు. రాత్రి స్విచ్చి వేసి పడుకోవడం మొదలుపెట్టాను. ఇక్కడ లెక్క మీకు చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్క తెలిస్తే ఎన్నో ఇళ్ళలో బిల్లు తగ్గుతుంది. ఒక యూనిట్ కరెంటు 86 లీటర్ల నీళ్ళను 10 డిగ్రీలు పెంచుతుంది. నలుగురికి నాలుగు బకెట్లు, బకెట్‌కి ఇరవై లీటర్లు, బోరు నీళ్ళను స్నానానికి సరిపడా పద్దెనిమిది డిగ్రీలు పెంచడానికి రెండు యూనిట్లు కూడా పట్టవు. నేనేమో మూడు వందల లీటర్లను కాస్తున్నాను. ఇరవై డిగ్రీలు పెంచాలంటే 7 యూనిట్లు. వాడుకోని నీళ్ళు చలిలో డాబా మీద చల్లారుతుంటే, వాటిని మళ్ళీ కాచడానికి ఇంకొంత. మా నెల వాడకం 200 యూనిట్లు దాటి స్లాబు మారిపోయింది. సోలార్ పెట్టించాక కరెంటు బిల్లు పెరిగిన ఇల్లు మాది. ఆ బిల్లును నేను నిఘంటువులో దాచాను. మా ఇంట్లో ఎవరూ తెరవని పుస్తకం అదొక్కటే.

ఒకరోజు తెల్లవారుజామున మంచినీళ్ళకని కిందికి దిగితే, వంటింట్లో దీపం వెలుగుతోంది. అమ్మ గ్యాస్ పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు కాస్తోంది. మూత తీసి, మునివేళ్ళు కొద్దిగా ముంచి చూసి, మళ్ళీ మూత పెట్టింది. ఆ గిన్నె నిండా నీళ్ళతో దించి బాత్రూము దాకా మోయాలి, మోకాళ్ళ నొప్పులతో. ఎన్నాళ్ళ నుంచి అలా చేస్తోందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నేను అంత ఖర్చుపెట్టి పెట్టించాను కదా, నా మనసు కష్టపడుతుందని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. గిన్నె నేను మోశాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ ఆదివారం అమ్మ వెనక వసారాలో కూర్చుంది. చలికాలం అంతా ఆవిడ చోటు అదే. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను.

"ఎప్పుడూ ఇక్కడే కూర్చుంటావేంటమ్మా?"

"సంక్రాంతి దాకా ఎండ ఇటునుంచే కదరా వచ్చేది. దక్షిణాయనం. ముందువైపు చలికాలంలో ఎండ ఎక్కడ పడుతుందీ?" అంది. కాసేపాగి, "మరి ఆ గొట్టాలు అటు తిరిగి ఉన్నాయేం నాయనా?" అంది.

అది ఎత్తిపొడుపు కాదు. ఆవిడకి నిజంగానే తెలియక అడిగింది. ఏదో కారణం ఉండే ఉంటుందని, అంత చదువుకున్న కొడుకు ఊరికే అలా పెట్టడని నమ్మకం. నేను లేచి డాబా ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. సూర్యుడు దక్షిణాన ఉన్నాడు. గొట్టాలు ఉత్తరాన్ని చూస్తున్నాయి. నా నీడ పిట్టగోడ దాటి రోడ్డు వైపు పడుతోంది. ఏటా ఉత్తరాయణ పుణ్యకాలం అని పంచాంగం చూసి మరీ తర్పణాలు వదిలే మనిషిని, ఆ మాటకి అర్థం దక్షిణాన ఉన్న సూర్యుడు ఉత్తరానికి మళ్ళడమేనని ఎన్నడూ తలెత్తి చూడలేదు. ఇక మెల్‌బోర్న్ ఎక్కడుంది? భూమధ్యరేఖకు కింద, దాదాపు 38 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద. అక్కడి వాళ్ళకి మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా ఉత్తరానే. అతని ఇంటికి ఉత్తరమే సరైన దిక్కు. ఆ దిక్కును విమానం ఎక్కించి తెచ్చి మేడిపల్లి డాబా మీద బిగించినవాణ్ణి నేను.

మా అబ్బాయిని పిలిచి అడిగాను. వాడు కాగితం కావాలన్నాడు. నిఘంటువులో దాచిన బిల్లు తీసిచ్చాను, వెనక ఖాళీగా ఉందిగా. వాడు బొమ్మ గీశాడు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి 41 డిగ్రీలు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. గొట్టాల వాలు 30 డిగ్రీలనుకుంటే, దక్షిణ ముఖంగా పెట్టినవాటి మీద ఎండ దాదాపు నిటారుగా పడుతుంది. ఉత్తర ముఖంగా పెట్టినవాటి మీద 71 డిగ్రీల ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది. "మూడో వంతే నాన్నా" అన్నాడు వాడు. అంతటితో ఆగలేదు. మే రెండో వారంలో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు, అది దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం వేళ కొంచెం ఉత్తరాన ఉంటాడు. "ఆ మూడు నెలలూ మాత్రం మన హీటర్ ఎదురింటివాళ్ళ దానికంటే బాగా పనిచేస్తుంది" అన్నాడు. ఏడాదిలో వేడినీళ్ళు ఎవరికీ అక్కర్లేని మూడు నెలలు ఏరుకుని వాటికి సరిగ్గా గురిపెట్టాను నేను.

బిల్లు తిరగేసి అంకె కూడా చూశాడు వాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మేస్త్రీకి ఫోన్ చేయడానికి నాకు పట్టినంత సేపు ఎవరికీ పట్టకూడదు. నంబరు నొక్కడం, కట్ చేయడం. చివరికి చేశాను. తప్పు నాదే, నువ్వు ముందే చెప్పావు అన్నాను. "అయితది సార్, మస్తు మంది రోడ్డు దిక్కే పెట్టమంటరు" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. మస్తు మంది! నేను ఒంటరిని కాను.

అతను వచ్చి ట్యాంకులోని కరెంటు హీటర్ విప్పి నా చేతిలో పెట్టాడు. కడ్డీ కనిపించడం లేదు. చుట్టూ తెల్లటి పెంకు, వేలెడు మందం, గోటితో గీకితే పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది. బోరు నీళ్ళలో కరిగి ఉన్న సున్నం వేడి తగిలినచోట గట్టిపడి పేరుకుంటుంది. నీళ్ళు ఎంత ఎక్కువ కాగితే అంత ఎక్కువ పేరుకుంటుంది. ఆ పెంకు దాటుకుని వేడి నీళ్ళలోకి పోవాలి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెడితే బుసబుస పొంగి వదిలిపోయింది. బోరు నీళ్ళ ఇళ్ళలో ఏడాదికొకసారైనా ఈ పని చేయించాలని అతను చెప్పాడు. ఈసారి నేను కాగితం మీద రాసుకున్నాను.

మూడు వందల లీటర్లది ఇక్కడికి దగ్గర్లో కాలేజీ పిల్లల హాస్టల్ నడిపే ఒకాయన తీసుకున్నాడు. అక్కడ అది రోజూ ఖాళీ అవుతోంది, దానికి సరైన చోటు అదే. మాకు నూట యాభై లీటర్లది, వెనక మూలలో, మేస్త్రీ మొదటిరోజు వేలుపెట్టి చూపించిన ఆ జాగాలోనే, దక్షిణ ముఖంగా. పైపు ముప్పావు అంగుళం, దాని మీద నల్లటి ఫోమ్ తొడుగు. కింద అమ్మ బాత్రూముకి మాత్రం సోలార్ లైన్ వద్దనుకున్నాం, ఆవిడ ఒక్క స్నానం కోసం ఆ పైపులో చల్లారిన నీళ్ళు రోజూ వదిలేయాలి. పాత గీజరే మళ్ళీ పెట్టించాం. దాన్ని తీసేసి స్టార్లు ఎక్కువున్నది కొందామని నాకు మళ్ళీ చెయ్యి దురద పెట్టింది. మా అబ్బాయి ఆపాడు. గీజర్ మీద స్టార్లు చెప్పేది, కాగిన నీళ్ళు లోపల ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోతుందన్న లెక్క. రోజంతా ఆన్‌లో ఉంచేవాళ్ళకి అది చాలా ముఖ్యం. స్నానానికి ముందు వేసి, కాగగానే ఆపేసే అమ్మ గీజర్‌కి పెద్ద తేడా రాదు. నాకు నచ్చకపోయినా ఒప్పుకున్నాను.

ఇప్పుడు తెలిసినవాళ్ళు అడుగుతుంటారు, ఏది పెట్టించమంటారని. సొంత డాబా, దక్షిణాన నీడ లేని జాగా ఉంటే సోలారే అంటాను, అదీ మనుషుల్ని లెక్కపెట్టుకుని. అపార్ట్‌మెంట్‌లో పైన జాగా రానివాళ్ళకి, పక్క బిల్డింగ్ నీడలో ఉన్నవాళ్ళకి హీట్ పంప్ మంచిది. ధర ఎక్కువే, గాలి ఆడే చోటు కావాలి, కొంచెం చప్పుడు చేస్తుంది. కానీ అది గాలిలోంచి వేడి తీసుకునే యంత్రం కదా, మన గాలిలో వేడికి లోటు లేదు. చలి దేశాల్లోకంటే ఇక్కడ దాని పని సులువు. అవును, నేనే అంటున్నాను ఈ మాట. మా తోడల్లుడు అరుగు మీద చెప్పింది అక్షరాలా నిజం.

ఆ సంగతే అతనికి ఫోన్‌లో చెప్పాను. ఉత్తరం కథ మొత్తం చెప్పాను, మేస్త్రీ మాటతో సహా. అతను నవ్వుతాడనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు.

"అన్నయ్యా, నా సంగతి కూడా ఒకటుంది" అన్నాడు. హీట్ పంప్ పెట్టించిన కొత్తలో, పొద్దున్న స్నానాలకి తాజాగా వేడిగా ఉండాలని టైమర్ తెల్లవారుజామున మూడింటికి పెట్టాడట. మెల్‌బోర్న్ చలికాలంలో ఆ వేళకి గాలి ఐదారు డిగ్రీలుంటుంది. ఆ గాలిలోంచి వేడి పిండడానికి యంత్రం గంటలకొద్దీ రొదపెట్టేదట. ఆ కరెంటు గ్రిడ్‌ది, కొన్నది. మధ్యాహ్నం వేళ గాలి కాస్త వెచ్చగా ఉన్నప్పుడు, కప్పు మీద తన సొంత పలకలు కరెంటు తయారుచేస్తున్నప్పుడు, ఆ కరెంటును చిల్లర డబ్బులకి గ్రిడ్‌కి పంపేవాడు. రెండు చలికాలాలు ఇలాగే గడిచాయి. ఒకటికి మూడు అని అరుగు మీద మాకు చెప్పిన రోజున కూడా టైమర్ మూడింటికే ఉందట.

"పక్కింటి ముసలాయన ఒకరోజు వచ్చి, మీ యంత్రం మా పడకగది కిటికీ కిందే రొదపెడుతోంది, మధ్యాహ్నం నడుపుకోకూడదా అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. ఇప్పుడు పదకొండింటికి పెట్టాను. బిల్లు బాగా తగ్గింది."

"అత్తగారికి చెప్పావా?"

"చెప్పలేదు అన్నయ్యా. మీరు చెప్పారా?"

నేనూ చెప్పలేదు. ఇద్దరం ఎవరి సంగతి ఇంకొకరం బయట పెట్టకూడదని ఒప్పందం చేసుకున్నాం. అందుకని మీరు కూడా, ఎప్పుడైనా అటు వెళ్తే, అరుగు మీద ఈ ప్రస్తావన మాత్రం తేకండి.